నామరూపములు: గడియారము చెప్పు పాఠము



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము గడియారము. అది పనిచేయు తీరునుగూర్చి కాదు. దాని రూపమును తీర్చు విద్యనుగూర్చియు, దాని ముఖముపై వ్రాయబడు పేరునకు గల విలువనుగూర్చియు నాలుగు మాటలు మనవిచేయుదును. పైరుపచ్చల నడుమ కాలము గడపు పెద్దలకు లక్షల వెలగల విదేశపు గడియారముల ముచ్చట ఏల యని మీరడుగవచ్చును. ఈ ప్రసంగము జెనీవా నగరమున బయలుదేరి మన పెడన కాలువగట్టున ముగియును. ఆ రెండు చోట్లకును గల సంబంధము స్వల్పమైనది కాదు. అది తెలిసినచో మన చేతిపనుల పేరు ఏల మాసిపోవుచున్నదో, దానిని నిలుపుకొను మార్గమేదో బోధపడునని నా నమ్మకము.

కాలమును కొలుచుట మన పూర్వులకు క్రొత్త విద్య కాదు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై వదలి, అది నిండి మునుగుటకు పట్టిన కాలమును ఒక ఘటిక యనిరి. అట్టివి 60 గడచినచో ఒక పగలు, ఒక రాత్రి. నేటి లెక్కకు ఘటిక యనగా 24 నిమిషములు. ఆ ఘటికయే తెలుగున గడియ యయ్యెను; గడియను తెలుపునది గడియారమయ్యెను. ఆ రాగిగిన్నెకు అందచందములతో పనిలేదు. చేసినవాని పేరు దానిపై చెక్కవలసిన అగత్యమును లేదు. ముహూర్తము తప్పకుండిన చాలును.

పిమ్మట చేతి గడియారములు వచ్చినవి. మన కృష్ణాతీరమున అల్లునికి పెండ్లిలో గడియారము, సైకిలు పెట్టుట మర్యాదగా నుండిన కాలమును మీలో పెక్కురెరుగుదురు. 1948 డిసెంబరు 1వ తేదీన బెజవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన తరువాత, వార్తలవేళకు ముండ్లు సరిచేసికొనుట పెక్కు యిండ్లలో అలవాటయ్యెను. నేడో, పొలము పోవు కూలివాని జేబులో సైతము సెల్‌ఫోను గలదు. అది ఎవరును సరిచేయకయే సరియైన సమయమును చూపును. కావున కాలము తెలిసికొనుటకు మాత్రమే యైనచో చేతి గడియారముతో మనకు పనియే లేదు. ఐనను బెజవాడ బీసెంటు రోడ్డున గడియారపు అంగళ్లు మూతపడలేదు. ఎకరము మాగాణి వెలకు మించిన గడియారములు సైతము లోకమున అమ్ముడగుచున్నవి. కొనువాడు దేనిని కొనుచున్నాడు? ఇదియే నేటి ప్రశ్న.

వేదాంతులు ఈ ప్రపంచమును నామరూపాత్మక మందురు. బంగారమొక్కటియే; కంకణమనియు కడియమనియు ఉంగరమనియు భేదము కలిగించునవి పేరును, ఆకారమును. వేదాంతికి ఆ రెండును దాటవలసినవి. వర్తకునకు ఆ రెండును నిలుపవలసినవి. నేటి వర్తకులు డిజైను అనునది మన రూపమే. బ్రాండు అనునది మన నామమే. ఐతే వేదాంతమునందు మూడవ మాట యొకటి గలదు. అది వివేకము. నిత్యమేది, అనిత్యమేది యని వేరుపరచు బుద్ధి. వస్తువు విషయమునను దేనిని మార్పవచ్చును, దేనిని మార్పరాదు అను వివేకమే ప్రధానము. అది యున్నచోట పేరు నిలిచినది. లేనిచోట ఎంతటి పేరైనను కూలినది. గడియారముల చరిత్ర దీనికి చక్కని సాక్ష్యము.

ముందుగా రూపమును పరిశీలింతము. రోమను అంకెలుగల గోడగడియారమును మీరు చూచియేయుందురు. రోమను అంకెలలో నాలుగు వ్రాయుటకు అయిదు గురుతునకు ఎడమవైపున ఒక గీత గీయుట వాడుక. కాని పెక్కు గడియారములపై నాలుగు నిలువుగీతలే కనబడును. ఇది వ్రాయువాని అజ్ఞానము కాదు. దానికెదురుగా నున్న ఎనిమిదవ అంకె నాలుగు గురుతులతో బరువుగా నుండును. ఈ వైపు తేలికయైనచో ముఖము ఒరిగినట్లు తోచును. కావున సరితూకమునకై ఇట్లు చేయుదురని ఆ విద్య నెరిగినవారు చెప్పుదురు. అట్లే అంగడి అద్దములలోను పత్రికల ప్రకటనలలోను గడియారపు ముండ్లు పది గంటల పది నిమిషముల ప్రాంతమున నిలిచియుండును. అట్లు నిలిచినచో అవి రెండు చేతులవలె పైకి లేచి, పండ్రెండవ అంకె క్రింద వ్రాసిన పేరును మరుగుపరుపక నడుమ నిలుపును. చూచువానికివి స్వల్పవిషయములు, చేయువానికి స్వల్పమైనదేదియు లేదు. వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలికి ఒక చుక్క ప్రక్కకు జరిగిన ఎట్లు తెలియునో, ముఖము తీర్చువానికి వెంట్రుకవాసి తేడా అట్లు తెలియును.

ఈ విద్య స్విట్జర్లాండు దేశమున వేరూనిన తీరు విచిత్రమైనది. 16వ శతాబ్దమున జెనీవాలో కాల్విన్ అను మతాచార్యుడు ఆడంబరపు నగలను నిషేధించెను. అక్కడి కంసాలులు జీవనము కోల్పోయి గడియారముల పనివైపు మరలిరి. 1601లో వారికి తమదైన శ్రేణి యేర్పడెను. నగ చేసిన చేయియే గడియారము చేసినందున ఆరంభమునుండియే ఆ యంత్రమునకు నగ అందము అబ్బినది. మరియొక వైపున జూరా కొండలలోని రైతులు, మంచు కురిసి పొలముపని లేని శీతకాలమున, ఇంటి కిటికీ వెలుతురున కూర్చుండి చిన్న చిన్న చక్రములను, మరలను చేసెడివారు. ప్రపంచమున మిక్కిలి విలువైన గడియారముల వెనుక నున్నవారు రాజులు కారు. మనవంటి సేద్యగాండ్రును కంసాలులును.

రూపమునకు గల బలమును తెలుపు రెండు ఉదాహరణములు చెప్పెదను. 1839లో స్థాపితమైన పటేక్ ఫిలిప్ అను ప్రసిద్ధ సంస్థ, 1929 తరువాత లోకమును ముంచిన ఆర్థికమాంద్యమున కష్టములపాలయ్యెను. 1932లో దానిని కొన్నవారు ధనాగారమువారు కారు, గడియారపు ముఖములు చేయు స్టెర్న్ సోదరులు. ముఖమును తీర్చువారే ఇంటి యజమానులైరి. ఆ సంవత్సరమే కలట్రావా అను పేరుగల గడియారము వెలువడెను. అనవసరమైన అలంకారమొక్కటియు లేని గుండ్రని ముఖము, సన్నని ముండ్లు. ఆ తీరు నేటికిని పాతబడలేదు.

రెండవది 1972 నాటిది. ఓడెమార్ పీగే అను సంస్థకై జెరాల్డ్ జెంటా అను జెనీవావాసి ఒక గడియారపు రూపమును గీసెను. సముద్రమున మునిగి పనిచేయువారు ధరించు లోహపు శిరస్త్రాణము అతనికి తలపునకు వచ్చినది. ఎనిమిది కోణముల చట్రము. దానిని బిగించు ఎనిమిది మరలు దాపరికము లేక బయటికి కనబడును. అంతవరకు మరలను దాచుట మర్యాద. ఇతడు వానినే అలంకారము చేసెను. దానిని బంగారముతో కాక ఉక్కుతో చేసి, పెక్కు బంగారు గడియారములకు మించిన వెల పెట్టిరి. ఉక్కునకు ఇంత వెలయా యని అచ్చెరువందినవారు లేకపోలేదు. కాని ఆ వెల ఉక్కుది కాదు, ఊహది. రాయల్ ఓక్ అను ఆ గడియారము అర్ధశతాబ్దము దాటినను నిలిచియున్నది. లోని యంత్రము మారినది, పరిమాణము మారినది, ముఖపు రంగులు మారినవి. ఎనిమిది కోణములును ఎనిమిది మరలును మారలేదు. పేరు చదువకయే పది అడుగుల దూరమునుండి దానిని గుర్తింపవచ్చును. రూపమునకు దిక్కు చూపుట యనగా ఇదియే: నూరు మార్పులు చేయుచు, ఏ ఒక్కటి మారరాదో దానిని కాపాడుట.

ఇక నామము. రోలెక్స్ అను మాట మీ మనుమలనోట వినియేయుందురు. దానికి ఏ భాషలోను అర్థము లేదు. లండను నగరమున గడియారముల వ్యాపారము చేసిన హాన్స్ విల్స్‌డార్ఫ్ 1908లో ఆ పేరును నమోదు చేయించెను. ఏ దేశపువాడైనను పలుకదగినది, చిన్న ముఖముపై ఇముడునది కావలెనని అతని కోరిక. ఆ రోజులలో గడియారముపై చేసినవాని పేరు కాక అమ్మిన అంగడివాని పేరే వ్రాయుట ఆచారము. విల్స్‌డార్ఫ్ ఆ ఆచారమును మార్చెను. ఐనను ఒట్టి పేరు ఏమి చేయగలదు? 1926లో నీరు చొరని ఆయిస్టర్ అను గడియారమును అతని సంస్థ తయారుచేసెను. 1927లో మెర్సిడీస్ గ్లైట్జ్ అను యువతి ఇంగ్లీషు కాలువను ఈదబూనినప్పుడు అట్టి గడియారమును ఆమెకిచ్చిరి. గంటలకొలది చల్లని నీట నానియు అది నడచినది. ఆ సంగతిని పత్రికలో ప్రకటించిరి. అర్థములేని మాటకు ఆనాడు అర్థము కలిగినది. పేరు గొప్ప ఊరు దిబ్బ యని మన సామెత. ఊరు దిబ్బ కాకుండ చూచుకొన్నవానికే పేరు గొప్పదగును.

పేరునకు గల విలువను రూపాయలలో చూడవలెనన్న బ్లాంపాన్ కథ వినదగును. 1735 నాటినుండి వచ్చినదని చెప్పుకొను ఆ పేరు 1980 ప్రాంతమున పనిలేక పడియుండెను. జాన్ క్లోద్ బివేర్, జాక్ పీగే అను ఇరువురు ఆ పేరును సుమారు 22 వేల స్విస్ ఫ్రాంకులకు కొనిరి. వారు కొన్నది యంత్రశాల కాదు, పేరు మాత్రమే. తమ సంస్థ బ్యాటరీతో నడచు గడియారమును ఎన్నడును చేయలేదనియు, ఇకముందును చేయబోదనియు వారు చాటిరి. ఆ మాట ప్రకారము పాత పద్ధతిని, చేతిపనిని నమ్ముకొని పనిచేసిరి. 1992లో ఆ సంస్థను విక్రయించునప్పటికి దాని వెల సుమారు 6 కోట్ల ఫ్రాంకులు. పేరు విత్తనమువంటిది. గాదెలోనున్న విత్తనమునకు కొలత ప్రకారమే వెల. భూమి దున్ని నీరు పెట్టినవానికి పంట.

వారు బ్యాటరీ గడియారమును అంతగా ఏల నిరాకరించిరో తెలియవలెనన్న, ఆ దేశమునకు వచ్చిన ఆపదను చెప్పవలెను. 1969 డిసెంబరు 25న జపాను దేశపు సైకో సంస్థ ఆస్ట్రాన్ అను గడియారమును విక్రయమునకు తెచ్చెను. అందు స్ప్రింగు లేదు. బ్యాటరీ శక్తిచే ఒక చిన్న స్ఫటికపు తునుక కంపించును. ఆ కంపనముల లెక్కయే కాలము. తరువాతి గడియారములందు ఆ తునుక సెకనునకు 32,768 మారులు కంపించునట్లు చేసిరి. ఎంత నేర్పుగల చేతిపని గడియారమైనను దినమునకు కొన్ని సెకనులు తప్పును. ఇది మాసమునకు కొన్ని సెకనులే తప్పును. వెల చూచిన ఏటేట తగ్గినది. 1970లో స్విట్జర్లాండున గడియారముల పనివారు సుమారు 90 వేలమంది. పదునైదేండ్లలో వారి సంఖ్య మూడవవంతు ప్రాంతమునకు దిగజారెను. జూరా కొండలలో తండ్రి తాతలనాటి పనిముట్లు మూలబడినవి.

అప్పుడు రెండు త్రోవలు తెరచుకొన్నవి. 1983లో స్వాచ్ అను ప్లాస్టిక్ గడియారము వెలువడెను. అందు 51 భాగములే, వెల స్వల్పము, బొమ్మలు, రంగులు ఋతువు ఋతువునకు మారును. అది స్ఫటికమును అంగీకరించి రూపముతో గెలిచినది. బ్లాంపాన్ వంటివి స్ఫటికమును త్రోసివేసి చేతిపనితో గెలిచినవి. త్రోవలు వేరైనను రెండింటికిని తమ్ముతామెరుగుట సమానము. నడుమ నూగిసలాడినవారు పెక్కురు నశించిరి. మరియు ఆ దేశము తన ఊరి పేరునకు చట్టము కట్టినది. స్విస్ మేడ్ అను మాటను ముఖముపై వ్రాయవలెనన్న, 2017 నుండి, తయారీ వ్యయమున నూటికి 60 వంతులైనను ఆ దేశమున జరిగియుండవలెను. ఒక సంస్థ పేరు ఒకరి సొత్తు. దేశము పేరు అందరి సొత్తు. అందరి సొత్తును ఎవరును కావలి కాయరు కనుక చట్టము కావలి కాయవలసివచ్చినది.

మన దేశమున ఈ కథ ఎట్లు నడచినదో చూతము. 1961లో బెంగుళూరున హెచ్.ఎం.టి. వారి గడియారముల కర్మాగారము జపాను దేశపు సిటిజన్ సంస్థ సహాయముతో ప్రారంభమయ్యెను. జనతా, పైలట్, కాంచన్ అను ఆ గడియారములు మన తరమువారి మణికట్టులపై నడచినవి. పరీక్ష గెలిచిన కుమారునకు, ఉద్యోగము విరమించిన గుమాస్తాకు అదియే కానుక. అవి గట్టివి, నమ్మకమైనవి, అందుబాటులోనివి. ఆ పేరునకు దేశమంతట గౌరవముండెను. కాని లోకము స్ఫటికమువైపు తిరిగినప్పుడు, యువకులు క్రొత్త రూపములు కోరినప్పుడు, ఆ సంస్థ కీ ఇచ్చు గడియారములపైననే మిక్కిలి కాలము మనసు నిలిపెను. మార్పవలసినదానిని మార్పలేదు. 2016లో హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. విచిత్రమేమన, అది మూతపడబోవునని తెలిసిన పిమ్మట ఆ జనతా గడియారములకై జనులు వెదకులాడిరి. పేరు బ్రతికియుండగనే వస్తువు పోయినది.

తెలుగువారి గడియారమును ఒకటుండెను. హైదరాబాదు సనత్‌నగరున 1942లో నెలకొనిన ఆల్విన్ సంస్థ బస్సులు, బీరువాలు, రిఫ్రిజిరేటర్లు చేసి పేరొందెను. 1980 దశకమున సైకో సహకారముతో గడియారములను చేసెను. 1990 దశకము గడచునప్పటికి ఆ గడియారము అంగడినుండి మాయమయ్యెను. అది చెడ్డ గడియారమని ఎవరును అనలేదు. ఐతే అనేక వస్తువుల నడుమ గడియారమొకటిగా నుండుట వేరు. గడియారమునే ప్రాణముగా నెంచుట వేరు. నేడా పేరు వృద్ధుల జ్ఞాపకమున మాత్రము గలదు.

ఆ కాలముననే, తెలుగు కుటుంబములు తరతరములుగా పెక్కు నివసించు హోసూరు పట్టణమున, టాటావారును తమిళనాడు ప్రభుత్వపు పారిశ్రామిక సంస్థయు కలసి 1984లో టైటాన్ సంస్థను స్థాపించిరి. దానిని నడపిన జెర్‌క్సీస్ దేశాయి మొదటినుండియు ఒక సంగతి గ్రహించెను. కాలము చూచుటకు ఒక గడియారమున్నవాడు రెండవదానిని కొనవలెనన్న అందము కావలెను. కావున స్ఫటికపు యంత్రమును నమ్మి, ముఖములను నూరు తీరుల తీర్చి, అద్దాల అంగళ్లలో నగలవలె పేర్చి అమ్మిరి. వారి ప్రకటనలకు మోజార్టు అను పాశ్చాత్య సంగీతకర్త స్వరము నొకదానిని ఎన్నుకొనిరి. రూపమునకు కన్ను సాక్షియైనట్లు, పేరునకు చెవి సాక్షియయ్యెను. 2002లో ఎడ్జ్ అను గడియారమును చేసిరి. దాని మందము 3.5 మిల్లీమీటర్లు, లోని యంత్రము 1.15 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్ననిదియు నీటికి ఓర్చునది. అందము, నేర్పు ఒక్కచోట కలసినవి.

ఐతే ఆ సంస్థకును ఒక పాఠము తప్పలేదు. 1737 నాటినుండి ప్రసిద్ధమై, మన తాతలనాడు బొంబాయి వర్తకులద్వారా దేశమంతట ప్రాకిన ఫావ్రె ల్యూబా అను స్విస్ పేరును అది 2011లో 20 లక్షల యూరోలకు కొనెను. ఆ పేరు మరల వేరూనలేదు; 2023లో దానిని విక్రయించెను. బ్లాంపాన్‌లో ఫలించిన విత్తనజాతియే ఇచట మొలకెత్తలేదు. పేరును సొమ్ముతో కొనవచ్చును. దానికి తగిన నమ్మకమును దినదినము సంపాదించుకొనవలెను.

ఇప్పుడు మన గడపలోనికి వచ్చుచున్నాను. గడియారములకు ప్రసిద్ధమైన జూరా కొండల దిగువన నోషాటెల్ అను సరస్సు, ఆ పేరుగల సీమ గలవు. లె లోక్ల్, లా షో ద ఫోన్ అను గడియారపు పట్టణములు ఆ సీమలోనివే. 18వ శతాబ్దమున, కొండపై గడియారములు చేయుచుండగా, దిగువ నీటియొడ్డున వేలాది జనులు మరియొక పనిచే బ్రతికిరి. అది అద్దకపు పని. అచటి కోర్తయో గ్రామమున 1752లో వెలసిన అద్దకపుశాల ఐరోపాలో పేరెన్నికగన్నది. ఆ బట్టకు వారి భాషలో ఇండియెన్ అని పేరు. అనగా హిందూదేశపుదని అర్థము. చోళమండల తీరమునుండియు, మన బందరు రేవునుండియు పోయిన చీటిబట్టలకు అది అనుకరణము. విలాసపు గడియారముల తల్లియైన ఆ సీమ ఒకనాడు మన బట్టను చూచి వ్రాసికొని అన్నము తిన్నది.

మన బందరు బట్ట అంతటి దానిగా ఎట్లయ్యెను? డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను మచిలీపట్టణమున వర్తకశాలలు పెట్టినది ప్రధానముగా ఈ బట్టలకొరకే. ఆ బట్ట ఐరోపాలో ఎంతగా వ్యాపించెనన్న, తమ నేతగాండ్ర మొరను ఆలకించి ఫ్రెంచి ప్రభుత్వము 1686 నుండి 1759 వరకు దానిని నిషేధించెను. ఇంగ్లాండున 1721 నాటి చట్టము అద్దకపు నూలుబట్ట ధరించుటనే నేరము చేసెను. ప్రజలు చట్టమును మీరియు ధరించిరి. కారణము రంగు. ఉతికినకొలది వెలయక తేరు రంగు వారెన్నడును చూడలేదు. కోరా బట్టను పేడనీటనుంచి, ఎండబెట్టి, కరక్కాయ రసమును గేదెపాలును కలిపి ముంచుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లముతో పులియబెట్టిన నీరు నలుపునకు, పటిక ఎరుపునకు. అచ్చుతో పటిక అద్దినప్పుడు రంగేమియు కనబడదు. పారునీట జాడించి, చిరివేరు వేసిన కాగున మరిగించినప్పుడే పటిక సోకినచోట ఎరుపు తేలును. కృష్ణకాలువ నీరు, ఎండ, వేరు, ఓర్పు, ఇవి నాలుగును కలిసినదే ఆ బట్ట.

మన అద్దకగాండ్రకు రూపమునకు దిక్కు చూపుట తెలియదా? చక్కగా తెలియును. పారసీక వర్తకుడు వచ్చినప్పుడు వాని దేశపు తీగెలు, సరుగుడువంటి చెట్లు, నెమళ్లు చెక్కిరి. తెల్లవాడు వచ్చినప్పుడు వాడు కోరిన పూలగుత్తులు చెక్కిరి. టేకుదిమ్మెపై అచ్చు మారినది. కొనువాని దేశము మారినది. పరచునది పరుపుపైన, కట్టునది నడుమునకు అయ్యెను. పటికయు, ఇనుపనీరును, పారునీటి జాడింపును మారలేదు. రాయల్ ఓక్ గడియారము మనకు నేర్పిన వివేకము మూడువందల యేండ్లకు ముందే మన కాలువగట్టుపై ఉండినది.

నేటి స్థితి చెప్పుటకు మనసొప్పదు. చెప్పక తప్పదు. ఆ పనికి నేడు పెడన కేంద్రము. ఆ బట్ట తయారగుటకు దినములు, వారములు పట్టును. పూలు, తీగెలు అవియే తీసికొని, యంత్రముపై రసాయనపు రంగులతో గంటలలో వందల గజములు అచ్చువేసిన బట్ట, కలంకారి యను పేరుతోనే అంగళ్ల నిండ వచ్చినది. దాని వెల తక్కువ. కొనువాడు రూపము చూచెను, పేరు వినెను, తక్కువ వెల ఇచ్చెను. అతనిని నిందింపలేము, తేడా ఎవరును చెప్పలేదు. ఒకప్పుడు ఇండియెన్ అను పేరుతో పరదేశము మన రూపమును గైకొన్నది. నేడు మన దేశపు యంత్రమే మన రూపమును, మన నామమును రెంటిని గైకొన్నది. మిగిలినది కాగుముందు కూర్చున్న మనుష్యుడు. అతని కుమారుడు ఆ పని నేర్చుకొనుటలేదు. నేర్పువాడు పోయిన పిమ్మట పేరెంతకాలము నిలుచును?

చట్టము లేకపోలేదు. స్విస్ మేడ్ అను మాటవలెనే ఊరి పేరును కాపాడుటకు మన పార్లమెంటు 1999లో భౌగోళిక గుర్తింపు చట్టమును చేసెను. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చెను. మచిలీపట్టణపు కలంకారికిని, పొణికికఱ్ఱతో చేయు కొండపల్లి బొమ్మలకును ఆ చట్టము క్రింద నమోదు జరిగినది. ఐతే చట్టము కంచెవంటిది. కంచె వేసి ఇంట నిద్రించినవాని చేను పశువులు మేయకమానవు. ఆ నమోదు పదియేండ్లకొకమారు తిరిగి చేయించుకొనవలెను. పనివాడు తాను అధికృతుడనని తన పేరు వ్రాయించుకొనవలెను. ఆ గురుతును బట్టపై వేసి అమ్మవలెను. చదువురాని పనివానికి ఈ దస్తావేజులు తామే వ్రాసిపెట్టదగినవారు ఊరిలోని చదువరులు, అనగా మీరే.

పెద్దలకు నేను చేయు మనవి మూడు మాటలు. ఒకటి: మార్పరానిదేదో పనివారు తమలో తాము కూడి నిర్ణయించుకొనునట్లు చూడుడు. చీర కావచ్చును, చొక్కా కావచ్చును, క్రొత్త పూవు కావచ్చును. పటికయెరుపు, ఇనుపనలుపు, చేతియచ్చు మాత్రము మారరాదు. అవి మారినచో ఆ బట్టకు వేరొక పేరు పెట్టుకొనవలెను. యంత్రపు బట్ట అమ్ముట తప్పుకాదు. చేతిబట్ట పేరుతో అమ్ముట తప్పు. రెండు: అచ్చులను కాపాడుడు. పాతబడిన టేకు అచ్చులు పొయ్యిపాలగుటకు ముందే గ్రంథాలయములోనో బడిలోనో ఒక బీరువా నేర్పరచి, అచ్చుతో కాగితముపై ఒక ముద్ర తీసి, చెక్కినవాని పేరు, ఊరు వ్రాసి దాచుడు. తన పాత రూపములను దాచుకొన్నవాడే క్రొత్తరూపమును ధైర్యముతో చేయగలడు. మూడు: కొనుటలో కన్ను తెరువుడు. బట్టను తిరుగవేసి చూడుడు. చేతి అద్దకమున రంగు దారములోనికి ఇంకి వెనుకవైపునను కనబడును. అచ్చు అచ్చుతో అతికినచోట సన్నని తేడా యుండును. ఆ తేడా లోపము కాదు, మనుష్యుని చేవ్రాలు. ఇంట పెండ్లియైనప్పుడు అల్లునికి వేలు పోసి విదేశపు గడియారము తెచ్చువారు, అమ్మాయికి ఒక మంచి పెడన చీరకు వెల బేరమాడక ఇచ్చినచో, ఆ వెలయే ఒక పిల్లవాని చేత అచ్చు పట్టించును.

వస్తువునకు నామమును రూపమును ఇచ్చుట నేర్పు. వానిని నిలుపుట వ్రతము. జెనీవావాడు ఆ వ్రతమును చట్టముతోను, శ్రద్ధతోను పాటించి చిన్న యంత్రమునకు ఎకరము వెల తెచ్చుకొనెను. వానికంటె ముందే లోకమును మెప్పించిన చేతులు మన కాలువగట్టున ఇంకను కొన్ని మిగిలియున్నవి. అవి ఆగిపోకముందే వానికి మన మద్దతు అందవలెను. గడియారము ఎవరికొరకును ఆగదు గదా.